కీమో నడుస్తుండగా పుట్టగొడుగు క్యాప్సూల్స్ వాడొచ్చా?

ముందు మీరు అడిగినది నాకు ఎలా అర్థమైందో చెబుతాను. అమ్మగారికి 58 ఏళ్ళు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిపోయింది, ఆరోగ్యశ్రీ మీద కీమో నడుస్తోంది, నాలుగో సైకిల్ వచ్చే వారం. వరసకి బాబాయి అయ్యే ఒకాయన గొలుసుకట్టు కంపెనీలో చేరి, నెలకి నాలుగున్నర వేలు చొప్పున గానోడెర్మా అనే పుట్టగొడుగు క్యాప్సూల్స్ తెచ్చి ఇస్తున్నారు. కీమో ఆపేసి ఇవి వాడితే చాలు, జపాన్‌లో ఇదే మందు అని ఆయన మాట. డాలస్‌లో ఉన్న అన్నయ్య టర్కీ టెయిల్ అనే ఇంకో పుట్టగొడుగు పొడి పంపి, కీమోతో పాటు వాడమన్నాడు. ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలి, అన్నయ్యకి ఏం చెప్పాలి అన్నది మీ ప్రశ్న.

కీమో ఆపొద్దు. మిగతాదంతా తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, ఈ ఒక్కటీ మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమో కంటికి కనబడకుండా మిగిలిపోయిన కణాల కోసం. దాన్ని మధ్యలో వదిలేస్తే రేపో ఎల్లుండో ఏమీ కనబడదు, అందుకే "చూశావా, ఆపినా బాగానే ఉంది" అనుకుంటారు. ఆ తప్పు తెలిసేసరికి రెండు మూడేళ్ళు గడిచిపోతాయి.

ఇక నా సంగతి. హైదరాబాదులో ఒక క్యాన్సర్ ఆసుపత్రి ఫార్మసీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. కీమో మందులు లెక్కకట్టి కలిపే గదిలోనే సగం జీవితం గడిచింది. అంతకుముందు ఎం.ఫార్మసీలో నా ప్రాజెక్టు ఏమిటో తెలుసా? గానోడెర్మానే. కాబట్టి ఈ పుట్టగొడుగంటే నాకు చిన్నచూపేమీ లేదు. దీని వెనక రెండేళ్ళు తిరిగినవాణ్ణి.

కోనసీమవాళ్ళకి గానోడెర్మాని పరిచయం చెయ్యక్కర్లేదు. కొబ్బరిచెట్టు మొదట్లోంచి ఎర్రటి గోధుమరంగులో, పైన వార్నిష్ పూసినట్టు మెరుస్తూ, అరచెయ్యంత గొడుగు పుట్టుకొస్తుంది. అది కనబడిందంటే లోపల వేళ్ళు అప్పటికే కుళ్ళిపోయాయని అర్థం. మాను మీద పగుళ్ళలోంచి గోధుమరంగు బంక కారుతుంది, ఆకులు వేలాడిపోతాయి, కొన్నాళ్ళకి చెట్టు పోతుంది. అంబాజీపేట పరిశోధనా కేంద్రం వాళ్ళు వేపపిండి, ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు వెయ్యమని చెప్పేది ఈ తెగులుకే. రైతు గుండె జారిపోయే ఆ గొడుగులనే నేను సంచుల్లో వేసుకుని వెళ్తుంటే ఒక పెద్దాయన "తీసుకుపో బాబూ, ఉన్నవన్నీ తీసుకుపో" అన్నాడు. అదే జాతి పుట్టగొడుగు ఇప్పుడు అందమైన డబ్బాలో నాలుగున్నర వేలకి మీ ఇంటికొచ్చింది.

అది కూర వండుకునే పుట్టగొడుగు కాదు, చెక్క. ఎండబెట్టి పొడి చెయ్యబోతే మా మిక్సీ బ్లేడు మొద్దుబారింది. ఆ పొడిని నీళ్ళలో నాలుగు గంటలు మరిగిస్తే కషాయం వస్తుంది, నాలుక మీద పెడితే వేపాకే నయం అనిపించేంత చేదు. ఆ చేదు గానోడెరిక్ ఆమ్లాలనే రసాయనాలది, వీటిని ట్రైటెర్పీన్లంటారు. వడకట్టిన కషాయానికి నాలుగింతలు ఆల్కహాల్ పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే, పొద్దునకి అడుగున తెల్లటి పీచు పేరుకుంటుంది, అచ్చం విరిగిన పాలలా. అది పాలిశాకరైడ్, అంటే చక్కెర అణువులు వేలకొద్దీ గొలుసులా కట్టుకున్న పదార్థం. లోకమంతా చెప్పుకునే పుట్టగొడుగు మందుల్లో సగం కథ ఆ తెల్ల పీచుదే.

ఆ పీచుని, ఆ చేదు భాగాన్ని విడివిడిగా రొమ్ము క్యాన్సర్ కణాల మీద వేసి చూశాను. తొంభై ఆరు గుంటల ప్లేటు ఉంటుంది. బతికున్న కణాలు పసుపు రంగు ద్రావణాన్ని ఊదా రంగుకి మారుస్తాయి, చచ్చినవి మార్చలేవు. మందు వేసిన గుంటలు వెలవెలబోయి ఉంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మా గైడ్‌కి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "అదే గాఢతలో కాఫీ డికాక్షన్ వేసి చూడు" అన్నారు. వేశాను. కాఫీకీ చచ్చాయి.

ఆ ఒక్క ప్రయోగం నాకు నేర్పినంత ఏ పుస్తకమూ నేర్పలేదు. ఫలానా పుట్టగొడుగు క్యాన్సర్ కణాలను చంపిందని పేపర్లో వార్త వస్తే నేను మొదట చూసేది గాఢత. నా ప్లేట్లో అది మిల్లీలీటరుకి 500 మైక్రోగ్రాములు. మనిషి ఒంట్లో ఐదు లీటర్ల రక్తం ఉందనుకుంటే, అంత గాఢత రావడానికి రెండున్నర గ్రాముల శుద్ధమైన పదార్థం పేగులో విరగకుండా, కాలేయానికి చిక్కకుండా, మూత్రంలో పోకుండా మొత్తం ఒకేసారి రక్తంలో ఉండాలి. క్యాప్సూల్ మింగితే అది జరిగే పని కాదు. పైగా ప్లేట్లోని కణానికి చుట్టూ ఒళ్ళు లేదు, పక్కన మామూలు కణాలు లేవు. దేనికైనా చస్తుంది.

మరి జపాన్ సంగతేంటి అంటారా? మీ బాబాయిగారిది పూర్తిగా అబద్ధం కాదు, కాకపోతే అక్కడ మందులైనవి వేరే పుట్టగొడుగులు. ఆ కథలో మొదటి పేజీ చదివి పుస్తకం మూసేశారంతే.

1960ల్లో జపాన్‌లో గోరో చిహారా అనే శాస్త్రవేత్త షిటాకే పుట్టగొడుగుల్లోంచి వేడినీళ్ళతో ఒక పాలిశాకరైడ్ తీసి, గడ్డలున్న ఎలుకలకి ఇంజెక్షన్ ఇచ్చాడు. చాలా ఎలుకల్లో గడ్డలు కరిగిపోయాయి. 1969లో నేచర్ పత్రికలో వచ్చింది. దానికి లెంటినాన్ అని పేరు పెట్టారు. ఇక్కడ అసలైన విచిత్రం ఏమిటంటే, అదే లెంటినాన్‌ని ప్లేట్లోని క్యాన్సర్ కణాల మీద పోస్తే ఏమీ కాదు. పుట్టగానే థైమస్ గ్రంథి తీసేసిన ఎలుకలకి ఇస్తే వాటిలోనూ పనిచెయ్యలేదు. థైమస్ లేకపోతే టీ కణాలనే రోగనిరోధక కణాలు తయారుకావు. అంటే గడ్డను కరిగించింది మందు కాదు, ఎలుక సొంత రోగనిరోధక కణాలు. మందు వాటిని నిద్రలేపింది.

లేపడం ఎలాగంటే, మన అన్నంలోని పిండిపదార్థమూ గ్లూకోజే, ఈ పీచూ గ్లూకోజే. తేడా ముడిలో ఉంది. అన్నంలో ఉన్నది ఆల్ఫా ముడి, దాన్ని విప్పే ఎంజైములు మన నోట్లోనే మొదలవుతాయి. శిలీంధ్రాల గోడల్లో ఉన్నది బీటా ముడి, దాన్ని విప్పే ఎంజైము మనకి లేదు. మన తెల్లకణాల మీద డెక్టిన్-1 అనే ఒక గ్రాహకం ఉంటుంది, దాని పనే ఈ బీటా గ్లూకాన్‌ని పసిగట్టడం. అది తగలగానే ఒంట్లోకి బూజు జొరబడిందనుకుని కణాలు కేకలు పెడతాయి. దొంగ వచ్చాడని పుకారు పుట్టించి ఊళ్ళో కుక్కలన్నిటినీ లేపడం లాంటిది. లేచిన కుక్కలు అసలు దొంగని పడితే మంచిదే. పడతాయా, ఇంట్లోవాళ్ళనే కరుస్తాయా అన్నది వేరే లెక్క.

లెంటినాన్ 1985లో జపాన్‌లో పొట్ట క్యాన్సర్‌కి, కీమోతో కలిపి ఇచ్చే ఇంజెక్షన్‌గా అనుమతి పొందింది. మోతాదు వారానికి రెండు మిల్లీగ్రాములు. ఒక లెక్క వెయ్యండి: రెండు వందల కిలోల పచ్చి షిటాకే నుంచి సుమారు 31 గ్రాముల లెంటినాన్ వచ్చిందని అప్పటి పరిశోధకులు రాశారు. అంటే వంద గ్రాముల షిటాకే కూరలో పదిహేను మిల్లీగ్రాములు, ఏడు ఇంజెక్షన్ల సరుకు. మరి కూర తింటే సరిపోతుందిగా? సరిపోదు. అంత పెద్ద అణువు పేగు గోడ దాటి యథాతథంగా రక్తంలోకి వెళ్ళదు. అందుకే దాన్ని సూదితో ఇచ్చారు. సరుకుకి కొరత లేదు, నోటి దారిన అది చేరాల్సిన చోటికి చేరదు.

నోటి ద్వారా ఇచ్చిన మందు ఇంకొకటి, క్రెస్టిన్ అని. మీ అన్నయ్య పంపిన టర్కీ టెయిల్ జాతి నుంచే తీశారు దాన్ని. జపాన్‌లో ఆ పుట్టగొడుగుని కవరతాకే అంటారు, పెంకు పుట్టగొడుగు అని అర్థం. చచ్చిన మొద్దుల మీద ఇంటికప్పు పెంకుల్లా వరసగా పేరుకుంటుంది. కురేహా అనే రసాయనాల కంపెనీలో ఇంజనీరు ఒకాయన, పొట్ట క్యాన్సర్‌తో ఉన్న పక్కింటాయన ఇలాంటి పుట్టగొడుగు కషాయం తాగడం చూసి ఆరా తీశాడని కథ చెబుతారు. మందు 1977లో మార్కెట్‌కి వచ్చింది. రోజుకి మూడు గ్రాములు. 1980ల్లో జపాన్‌లో క్యాన్సర్ మందుల ఖర్చులో నాలుగో వంతు దీనిదేనని రాసిన వ్యాసాలున్నాయి, అంత వాడారు.

దీనికి సాక్ష్యం లేకపోలేదు, ఇది ఒప్పుకోవాలి. 1994లో లాన్సెట్‌లో వచ్చిన ట్రయల్‌లో పొట్ట క్యాన్సర్ ఆపరేషన్ అయిన 262 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు కీమో, ఇంకో గుంపుకి అదే కీమోతో పాటు క్రెస్టిన్. ఐదేళ్ళకి మొదటి గుంపులో నూటికి 60 మంది, రెండో గుంపులో 73 మంది బతికున్నారు. పెద్దపేగు క్యాన్సర్‌లో మూడు ట్రయల్స్, 1,094 మంది లెక్క కలిపి చూసినప్పుడూ లాభం కనబడింది. రొమ్ము క్యాన్సర్‌లో కూడా వాడి చూశారు, అక్కడ స్పష్టమైన లాభం తేలలేదు. మీకు కావలసిన ముక్క ఇదే కాబట్టి గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి గమనించారా? పైన ఏ ట్రయల్‌లోనూ కీమో ఆపి పుట్టగొడుగు ఇవ్వలేదు. అందరికీ కీమో ఉంది. 1989లో జపాన్ ప్రభుత్వం పాత మందులను తిరిగి పరీక్షించి, క్రెస్టిన్‌ని కీమోతో కలిపి తప్ప విడిగా వాడకూడదని కట్టడి చేసింది. "జపాన్‌లో ఇదే మందు" అనే వాళ్ళెవరూ ఈ వాక్యం చెప్పరు.

ఆ తర్వాత పేజీలూ చదవాలి. 1994 నాటి కీమో ఇప్పటిది కాదు. కొత్త మందులు వచ్చాక వాటికి పుట్టగొడుగు కలిపితే అదనంగా ఏమైనా వస్తుందా అని మళ్ళీ చూశారు. ముదిరిన పొట్ట క్యాన్సర్‌లో 309 మంది మీద చేసిన మూడో దశ ట్రయల్ 2016లో అచ్చయింది. ఎస్-1 అనే కీమో మాత్రలు ఒక్కటే తీసుకున్నవారిలో సగం మంది 13.8 నెలలు దాటి బతికారు, దానికి లెంటినాన్ కలిపినవారిలో సగం మంది 9.9 నెలలు దాటి. ఏ మందుని ముప్పై ఏళ్ళు నమ్ముకున్నారో దాని మీదే ఈ ఫలితం. 2010ల చివరికి క్రెస్టిన్, లెంటినాన్ రెండూ జపాన్ మార్కెట్లోంచి తప్పుకున్నాయి. మన గొలుసుకట్టు కంపెనీల పాంప్లెట్లలో మాత్రం ఇంకా 1980లే నడుస్తున్నాయి.

గానోడెర్మా దగ్గరికొస్తే సాక్ష్యం ఇంకా పలచన. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూకం వేసే కోక్రేన్ సంస్థ వాళ్ళు మంచి ట్రయల్స్ అన్నీ జల్లెడపడితే మిగిలినవి ఐదు, మొత్తం 373 మంది. క్యాన్సర్‌కి మొదటి మందుగా వాడడానికి ఆధారం లేదని తేల్చారు. కీమోకి తోడుగా ఇస్తే కొంత ఉపయోగం ఉండొచ్చని సూచన ఉంది కానీ, ఎక్కువ కాలం బతుకుతారా అన్నదానికి జవాబు లేదు.

ఇప్పటిదాకా చెప్పింది రోగనిరోధక శక్తిని లేపే చక్కెరల గురించి. కణాన్ని నేరుగా చంపే రకం పుట్టగొడుగు పదార్థాలు కూడా ఉన్నాయి, నా మటుకు నాకు నిజమైన ఆశ అక్కడే ఉంది. కాకపోతే అవి ఆరోగ్యం కోసం తినేవి కాదు. విషాలు.

జపాన్ అడవుల్లో వెన్నెల రాత్రి పుట్టగొడుగు అని ఒకటుంది, త్సుకియోతాకే అంటారు. చీకట్లో దాని గొడుగు కింది మడతలు లేతాకుపచ్చగా మెరుస్తాయి. చూడ్డానికి షిటాకేలా ఉంటుంది, కోసుకుని వండుకుని ఏటా ఎంతోమంది వాంతులు విరేచనాలతో ఆసుపత్రి పాలవుతారు. ఆ విషం పేరు ఇల్యూడిన్-ఎస్. దీని అమెరికా బంధువు నుంచి 1950లోనే న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో ఇల్యూడిన్లను వేరుచేశారు. డీఎన్ఏకి అతుక్కుని కణాన్ని చంపేస్తుంది, మంచీ చెడూ చూడదు. దాని అణువు నిర్మాణం కొంచెం మార్చి ఇరోఫుల్వెన్ అనే మందు తయారుచేశారు, క్లోమ క్యాన్సర్‌లో మూడో దశ దాకా వెళ్ళింది, 2002లో ఆపేశారు. కొందరికి చూపు దెబ్బతింది కూడా. వదిలెయ్యలేదు. డీఎన్ఏ మరమ్మతు చేసుకోలేని గడ్డల్లో ఈ రకం మందు బాగా పనిచేస్తుందని తెలిశాక, అలాంటి గడ్డలున్న రోగులను ఏరి వాళ్ళకే ఇద్దామని దీని కొత్త తరం మందులు మళ్ళీ ట్రయల్స్‌కి వచ్చాయి.

రెండోది కార్డిసెపిన్. పురుగుల మీద పెరిగే కార్డిసెప్స్ మిలిటారిస్ అనే శిలీంధ్రం నుంచి 1950ల మొదట్లో తీశారు. మన ఆర్ఎన్ఏ కట్టుకునే ఇటుకల్లో ఒకటి అడినోసిన్. అందులోంచి ఒక్క ఆక్సిజన్ పరమాణువు తీసేస్తే కార్డిసెపిన్. కణం పొరపాటున ఈ ఇటుక పెడితే దాని మీద తర్వాతి ఇటుక నిలవదు, గోడ అక్కడితో ఆగిపోతుంది. ఎంత చక్కటి ఆయుధమో. చిక్కేమిటంటే రక్తంలో ఒక ఎంజైము దీన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. అందుకని దానికి ఫాస్ఫేట్‌తో చిన్న కవచం తొడిగి కణం లోపలిదాకా చేర్చేలా మార్చారు, 2019 నుంచి బ్రిటన్‌లో మనుషుల మీద పరీక్షిస్తున్నారు. కోవిడ్ రోజుల్లో మనం మెడికల్ షాపుల చుట్టూ తిరిగిన రెమ్డెసివిర్ కూడా ఇదే కవచం పద్ధతి. ఈలోగా కొందరు హిమాలయాల కీడా జడీ, కిలో లక్షల్లో పలికేది, క్యాన్సర్‌కి తెప్పించుకుంటున్నారు. అది కార్డిసెప్స్‌కి చుట్టమే గానీ దానిలో కార్డిసెపిన్ దాదాపు ఉండదు. ఆర్సెనిక్ ఎక్కువుందని 2016లో చైనా ప్రభుత్వమే హెచ్చరించింది.

సహజమైనది కాబట్టి హాని లేదు అనే వాళ్ళకి నేను బిళ్ళగన్నేరు చూపిస్తుంటాను. మనలో సగం మంది వాకిట్లో ఉంటుంది. పిల్లలకి వచ్చే రక్త క్యాన్సర్‌లో ఇచ్చే విన్‌క్రిస్టిన్ దాని ఆకుల్లోంచే వస్తుంది. గ్రాము మందుకి వందల కిలోల ఎండాకు కావాలి, పెద్దవాళ్ళకైనా ఒకసారికి రెండు మిల్లీగ్రాములు దాటనివ్వం. పొరపాటున వెన్నులోకి ఎక్కితే ప్రాణం పోతుంది. మా గదిలో ఆ సీసాకి వేరే అర, వేరే లేబులు. లుకేమియా వచ్చిన బిడ్డకి బిళ్ళగన్నేరు ఆకు నూరి పట్టమని ఏ తాతయ్యా అనడు. పుట్టగొడుగు విషయంలో మాత్రం అంటున్నారు.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న రెండు డబ్బాలు చూద్దాం.

డబ్బా మీద "పాలిశాకరైడ్స్ 40 శాతం" అని ఉంటే మురిసిపోకండి. బియ్యప్పిండి కూడా పాలిశాకరైడే. బీటా గ్లూకాన్ ఎంత అని విడిగా రాసి ఉందా చూడండి. అమెరికా పొడి మీద చిన్న అక్షరాల్లో "మైసీలియం" (గొడుగు కాదు, శిలీంధ్రపు పోగులు), "బ్రౌన్ రైస్" అన్న మాటలున్నాయేమో వెతకండి. చాలా కంపెనీలు బియ్యం మీద బూజులా పెంచి, బియ్యంతో సహా ఎండబెట్టి పొడికొడతాయి. దీనికి ఇంట్లోనే చిన్న పరీక్ష ఉంది. అరచెంచా పొడిని పావు గ్లాసు నీళ్ళలో ఒక పొంగు రానిచ్చి, పూర్తిగా చల్లారాక రెండు చుక్కలు బీటాడిన్ వెయ్యండి. నల్లని నీలంగా మారిందంటే అందులో పిండి దండిగా ఉంది. పుట్టగొడుగులో పిండిపదార్థం ఉండదు, దానిలో ఉండేది గ్లైకోజెన్, దానికి ఎరుపు గోధుమ ఛాయ వస్తుంది. రంగు మారకపోతే సరుకు మంచిదని కాదు, కనీసం బియ్యం కాదని. పరీక్ష చేసిన గ్లాసులోది పారబొయ్యండి, ఎవరూ తాగకుండా.

ఇది నా అనుమానం మాత్రమే కాదు. అమెరికాలో అమ్మే రేషి, అంటే గానోడెర్మా, సప్లిమెంట్లు 19 తీసుకుని పరీక్షిస్తే లేబులుకి సరిపోయినవి ఐదే. 2017లో అచ్చయిన పరిశోధన అది. అక్కడే అలా ఉంటే గొలుసుకట్టు డబ్బా సంగతి చెప్పేదేముంది. మన దేశంలో ఇవి ఆహార అనుబంధాల కింద అమ్ముడవుతాయి, "వైద్య ఉపయోగం కోసం కాదు" అని డబ్బా మీద ఇంగ్లీషులో ఉండి తీరాలి. తిప్పి చూడండి, కనబడుతుంది. ఆ డబ్బాతోనే క్యాన్సర్ తగ్గుతుందని ప్రచారం చెయ్యడం 1954 నాటి మ్యాజిక్ రెమిడీస్ చట్టం ప్రకారం నేరం. బాబాయిగారి మీద కేసు పెట్టమని కాదు, ఆయనకి ఆ సంగతి తెలిస్తే మంచిదని.

మరి కీమోతో పాటు తీసుకుంటే పోయేదేముంది అంటారేమో, అన్నయ్య మాట అదేగా. పోయేది ఉంది. మా ఆసుపత్రిలో ఒకామెకి మూడో సైకిల్‌కి ముందు లివర్ పరీక్షలో ఎంజైములు ఒక్కసారిగా ఐదింతలు పెరిగాయి. కీమో మందుల్లో చాలావాటిని బయటికి పంపేది కాలేయమే. బిలిరుబిన్ పెరిగితే డాక్సోరూబిసిన్, అదే ఆ ఎర్ర మందు, డోసు తగ్గించాలి లేదా వాయిదా వెయ్యాలి. కామెర్ల పరీక్షలు, స్కాన్, అన్నీ చేశారు. ఏమీ దొరకలేదు. మూడు వారాలు కీమో ఆగింది. మందులన్నీ తెచ్చి చూపించమ్మా అంటే ఆమె కూతురు సంచి అడుగు నుంచి ఒక డబ్బా తీసింది, గానోడెర్మా పొడి. "ఇది మందు కాదు కదండీ, అందుకే చెప్పలేదు" అంది. ఆపేశాక నెలకి లివర్ మామూలైంది. నూటికి నూరు దానివల్లే అని నేను ప్రమాణం చెయ్యలేను, కీమో వల్లా కావచ్చు. అదే అసలు ఇబ్బంది. రెండూ కలిపి వాడుతుంటే ఏది కొట్టిందో డాక్టరుకి తెలియదు, తెలియనప్పుడు ఆపేది కీమోనే. గానోడెర్మా పొడి వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిని ప్రాణం మీదకి వచ్చిన కేసులు హాంకాంగ్, థాయ్‌లాండ్ వైద్యులు పత్రికల్లో రాశారు. అరుదు, కానీ ఉన్నాయి.

గానోడెర్మా రక్తం గడ్డకట్టే తీరుని మారుస్తుందన్న అనుమానం కూడా ఉంది. కీమోలో ప్లేట్లెట్లు ఎలాగూ పడిపోతాయి, పోర్ట్, అంటే కీమో ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పరికరం, పెట్టాలన్నా తియ్యాలన్నా కోత తప్పదు. కౌంట్లు పడిపోయిన రోజుల్లో ఉడికించని శిలీంధ్రపు పొడి, ఎక్కడ ఎండబెట్టారో తెలియనిది, నోట్లో వేసుకోవడం నాకు అసలు మింగుడుపడదు. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు, ఇమ్యూనోథెరపీలో, అంటే రోగనిరోధక కణాలను క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే చికిత్సలో, ఉన్నవాళ్ళు అయితే ఈ ఊరకుక్కల్ని లేపే రకం దగ్గరికే పోకూడదు, డాక్టరు సరే అంటే తప్ప.

కూరకి భయపడక్కర్లేదు. బటన్, పాల, ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగులు శుభ్రంగా కడిగి బాగా ఉడికించి పెట్టండి, అమ్మగారికి సయిస్తే. పచ్చిగా సలాడ్‌లో వద్దు. వానాకాలం పుట్టల మీద ఏరి తెచ్చినవి, ఎంత తెలిసినవాళ్ళు తెచ్చినా, కీమో అయ్యేదాకా వద్దు. షిటాకే దొరికితే దాన్నీ పూర్తిగా ఉడికించాలి. సగం ఉడికినది తిన్న కొందరికి రెండు రోజుల్లో వీపు మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు తేలతాయి. అందులోని లెంటినానే దానికి కారణం అంటారు, వేడికి దాని పొగరు అణుగుతుంది. తమాషా ఏమిటంటే బ్లియోమైసిన్ అనే కీమో మందుకి కూడా అచ్చం అవే చారలు వస్తాయి. ఒకసారి మా దగ్గర ఆ మందు మీదున్న కుర్రాడికి చారలు వస్తే, చైనీస్ హోటల్లో ఏం తిన్నావని అరగంట సేపు అడిగాం. పాపం అతను ఇంట్లో పెరుగన్నం తప్ప ఏమీ తినలేదు.

అన్నయ్యకి ఏం చెప్పాలో అడిగారు కాబట్టి: ప్రేమతో పంపాడు, తిట్టకండి. టర్కీ టెయిల్ పొడి మీద రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళలో అమెరికాలో ఒక చిన్న మొదటి దశ పరిశోధన జరిగిందని, రోజుకి తొమ్మిది గ్రాముల దాకా తట్టుకున్నారని అతను చదివే ఉంటాడు. నిజమే. అయితే వాళ్ళు రేడియేషన్ పూర్తయ్యాక తీసుకున్నారు, ఉన్నది పట్టుమని పదిమంది, చూసింది తట్టుకుంటారా లేదా అని. జబ్బు తిరిగి రాకుండా ఆపుతుందా అన్నది ఆ పరిశోధన ప్రశ్నే కాదు. అన్ని చికిత్సలూ అయ్యాక వాడాలనిపిస్తే అప్పుడు డాక్టరుతో మాట్లాడదాం అనండి, డబ్బా మూత విప్పకుండా పక్కన పెట్టండి.

బాబాయిగారి నాలుగున్నర వేలు మాత్రం మిగుల్చుకోండి. రోజుకి రెండు గుడ్లు, పప్పు, పెరుగు, అమ్మని ఆసుపత్రికి బస్సులో కాకుండా ఆటోలో తీసుకెళ్ళడం, ఇవన్నీ ఆ డబ్బులో వస్తాయి. ఇప్పటికే క్యాప్సూల్స్ వేసుకుంటూ ఉంటే ఈ రోజుతో ఆపెయ్యండి, ఒక్కసారిగా ఆపినా ఇబ్బందేమీ రాదు.

వచ్చే వారం సైకిల్‌కి వెళ్ళేటప్పుడు సీబీసీ (రక్తకణాల లెక్క), ఎల్ఎఫ్‌టీ (లివర్ పరీక్ష) రిపోర్టులతో పాటు ఆ రెండు డబ్బాలూ సంచిలో వేసుకుని వెళ్ళండి. ఓపీలో డాక్టరుగారు రద్దీలో ఉంటే కీమో వార్డు ఫార్మసిస్టుని అడగండి, "ఇవి ఫలానా తేదీ నుంచి వేసుకుంది, ఫలానా రోజు ఆపాం" అని చెప్పి కేస్ షీట్లో రాయించండి. తిడతారేమోనని దాచకండి. తిట్టినా రెండు నిమిషాలే, లివర్ రిపోర్టు తేడాగా వస్తే ఆ తేదీ చూసే మావాళ్ళు కారణం వెతుకుతారు.